సముద్రం ఎడమవైపే ఉండాలి

మా ఆయన తోకుజి నా మాటకి వెంటనే ఒప్పుకున్న పాపాన ఎప్పుడూ పోలేదు. స్నానానికి నీళ్ళు కాగాయని చెప్పినా ఓసారి తను చెయ్యి పెట్టి చూసుకుంటే గానీ నమ్మరు. అలాంటి మనిషి, "చుట్టొచ్చేటప్పుడు సముద్రం మనకి ఎడమవైపే ఉండాలండీ" అని నేననగానే "అలాగే" అన్నారు. ఒంట్లో బాగానే ఉందా అని అడగబోయి ఊరుకున్నాను.

మేం వేసుకుంటున్నది షిమోకితా చుట్టూ తిరిగొచ్చే ప్లాను. మా రేవులో బయల్దేరి, సముద్రాన్ని వదలకుండా ద్వీపకల్పమంతా చుట్టేసి, ముత్సు మీదుగా మళ్ళీ ఇంటికి రావాలి. ఆయన బతుకంతా ఈ దారిలో చేపల లారీ తోలారు. ఇప్పుడు కుడి కంటికి పక్కవైపు చూపు తగ్గింది. మా గేటు స్తంభానికి కారు రాసుకున్న గీతలే సాక్ష్యం. ఇక నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. లైసెన్సు పోలీసులకి తిరిగి ఇచ్చేస్తానని ఈయన ఒప్పుకున్నారు గానీ, "ఒక్క చుట్టు తిరిగొచ్చాకే" అని మెలిక పెట్టారు. ఆ చుట్టు ఎప్పుడంటే మాత్రం చలి తగ్గాకనో, వాన వెలిశాకనో అంటూ వాయిదా వేస్తున్నారు.

ఆయన బాధ నాకు తెలుసు. లైసెన్సు పోతే కారు పోతుంది. కారు పోతే ఈ ఊళ్ళో బతకలేం. ఆసుపత్రి ముత్సులో ఉంది, బస్సు దయ కలిగినప్పుడు వస్తుంది. అఒమొరి పట్నంలో ఉండే మా ఆడపడుచు రిత్సుకో ఫోన్ మీద ఫోన్.

"వదినా, మా ఇంటి పక్కనే రెండు గదుల ఇల్లు చూశాను. లిఫ్టు కూడా ఉంది. అన్నయ్యకి నువ్వే నచ్చజెప్పు."

"లిఫ్టెక్కి ఎక్కడికెళ్ళమంటావమ్మా? పైకి వెళ్ళడానికి నాకు తొందరేం లేదు," అన్నాను.

నాకు మా రేవు వదిలి వెళ్ళాలని లేదు. ఆయనకీ లేదు. ఆయన పైకి చెప్పరు, నేను చెప్పకుండా ఉండలేను, అంతే తేడా.

అందుకే నా లోపలి ప్లాను వేరు. ఈసారి కారు నేను నడపాలి. నాకూ లైసెన్సుంది. పెళ్ళికి ముందు మా నాన్న పట్టుబట్టి ఇప్పించాడు. లారీ డ్రైవరు మొగుడై కూర్చున్నాక ఇక నేను నడిపేదేముంది? ఏళ్ళ తరబడి తప్పు చెయ్యకపోతే లైసెన్సు మీద బంగారు గీత వేసిస్తారు. కారే ముట్టని నేను తప్పెలా చేస్తాను? ప్రతిసారీ నాకు బంగారమే. ఆయనేమో ఎప్పుడో "ఆగు" అని రాసున్న చోట పూర్తిగా ఆగలేదని పోలీసులకి దొరికి నీలం గీత తెచ్చుకున్నారు. ఆ సంగతి ఎవరింటికెళ్ళినా నేను చెప్తాను. చెప్పకపోతే నాకు టీ అరగదు.

బంగారు గీత ఉంటే చాలు, కారు దానంతటదే నడుస్తుందనుకున్నాను. మా వీధి చివర జుట్టు కత్తిరించే మికామి తన కారులో నన్ను కూర్చోబెట్టిన మొదటి రోజే ఆ భ్రమ వదిలింది. ఐసు ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో ఆమె నేర్పింది. ఇంట్లో మాత్రం జుట్టు సెట్ చేయించుకోడానికని చెప్పి వెళ్ళేదాన్ని.

ఒక సాయంత్రం ఆయన పొట్టి బల్ల మీద మ్యాపు పరిచారు. ముల్లంగి పచ్చడి గిన్నె తీసుకెళ్ళి ఓమా ఊరి మీద పెట్టాను.

"వాకినోసావా దాటాక కొండ దారి. అన్నీ మెలికలే," అన్నారు. "దిగేటప్పుడు బ్రేకు తొక్కుతూ కూర్చోకూడదు. గేరు తగ్గించాలి."

"నాకెందుకు చెప్తున్నారు?"

"పక్కన కూర్చునేవాళ్ళకీ తెలిసుండాలి."

"సరే. సాయ్‌ ఊళ్ళో టీ తాగుదాం. ఓమాలో ట్యూనా చేప ముక్కలు పరిచిన అన్నం తిందాం. అక్కడే ఇంకోసారి టీ."

"నీ ప్లానులో తిండి తప్ప దారి లేదేమోయ్."

"మీ ప్లానులో దారి తప్ప తిండి లేదు. అందుకేగా మనకి పెళ్ళి చేశారు."

ఆయన నా తల వైపు చూశారు. "ఈ నెలలో జుట్టు ఎన్నిసార్లు సెట్ చేయించావు? నాకెప్పుడూ ఒకలాగే కనిపిస్తుందే!"

"మీ కంటి సంగతి డాక్టరు చెప్పాడుగా," అన్నాను. ఇంకేమైనా అడిగేలోపు వంటింట్లోకి తప్పుకున్నాను.

మా కార్లలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. సముద్రం ఎడమవైపుంటే పక్క సీటు వాళ్ళకి కిటికీ నిండా సముద్రమే. పాపం, నేను చూడాలనే ఆయన వెంటనే ఒప్పుకున్నారనుకున్నాను. ఆయన చూడాలని నేనడిగాను మరి. ఇన్నేళ్ళూ ఆయన చూసింది తారురోడ్డునే.

బయల్దేరే రోజు పొద్దున తాళాలు కిమోనో చేతి మడతలో దాచుకుని, చెప్పాల్సిన మాటలన్నీ వల్లె వేసుకుంటూ బయటికొచ్చాను. ఏడవాలా, అరవాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు. చూస్తే ఆయన అప్పటికే కారులో ఉన్నారు. ఎడమ సీట్లో. బెల్టు కూడా పెట్టేసుకున్నారు. కారు వెనక, కొత్తగా నేర్చుకున్న వాళ్ళు అంటించుకునే ఆకు బొమ్మ అంటించి ఉంది.

"ఇదెక్కడిది?"

"మికామి ఇచ్చింది."

"మీకు చెప్పొద్దని దానికి ఒట్టు వేయించాను!"

"తను చెప్పలేదు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పారు, వలలు బాగుచేసేవాళ్ళు చెప్పారు, పోస్టతను చెప్పాడు. రేవులో నాకు చెప్పనిది పిల్లులే. ఎక్కు ఎక్కు, టీ టైమైపోతోంది."

ఊరు దాటేదాకా ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. "నెమ్మదిగా" అంటారు. నెమ్మదిగా పోతే "మరీ ఇంత నెమ్మదా?" అంటారు. వెనక లారీ వస్తే, "పక్కకి తీసి పోనివ్వు, పాపం అతని చేపలు పాడవుతాయి" అన్నారు. నేను పళ్ళు బిగించి స్టీరింగు పట్టుకున్నాను. కాసేపటికి ఆయన కాలు ఆగింది. తల కిటికీ వైపు తిరిగింది.

వాకినోసావా రాకముందే సముద్రంలో చిన్న దీవి కనిపించింది. దాని మీద ఎర్ర రంగు గుడి ద్వారం.

"ఆ ద్వారం ఎప్పుడు కట్టారు?" అన్నారాయన.

"మన పెళ్ళికి ముందు నుంచీ ఉందండీ."

"హాస్యమా?"

"కాదు. నేను చిన్నప్పుడు మా అమ్మతో పడవలో అక్కడికి వెళ్ళాను."

ఆయన కిటికీకి ఇంకా దగ్గరగా జరిగారు. "దీని పక్క నుంచే తిరిగాను. చీకట్లో, మంచులో, ఎండలో. ఒక్కసారి కూడా చూడలేదు."

ఆటపట్టించడానికి ఇంతకన్నా మంచి అవకాశం నాకు మళ్ళీ దొరకదు. అయినా వదులుకున్నాను. ఆయన మీద చచ్చేంత జాలేసింది, ప్రేమా పొంగుకొచ్చింది. రోడ్డు పక్కన కాస్త జాగా కనిపిస్తే కారు ఆపాను. ఆయన చాలాసేపు చూశారు. ఎడమ కన్నుతో, తర్వాత రెండింటితో.

"తిరిగొచ్చేటప్పుడు ముత్సులో పోలీసు స్టేషన్ దగ్గర ఆపు," అన్నారు నా వైపు తిరక్కుండానే.

"అది ప్లానులో లేదుగా?"

"ఇప్పుడు చేర్చా. లైసెన్సు ఇచ్చేసి వద్దాం. ఆ లిఫ్టు ఇల్లు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని రిత్సుకోకి కూడా చెప్పు."

నాకు రోడ్డు కనిపించడం మానేసింది. కళ్ళు తుడుచుకుని, ముక్కు చీదుకుని, అద్దంలో వెనక్కి చూశాను. తుడిచినా మసగ్గానే ఉంది.

ఆయన తల బయటికి పెట్టి వెనక రోడ్డంతా తేరిపార చూశారు. "ఎవరూ రావట్లేదు, పోనివ్వు," అన్నారు.