మూడుసార్లు ఇచ్చిన షీల్డు

ముందు వరసలో, సరిగ్గా వేదిక నడిమికి ఎదురుగా కూర్చోవాలని కండక్టరమ్మ ఆ పొద్దున్నే గట్టిగా అనుకుంది. కార్యక్రమం పదకొండింటికైతే తొమ్మిదిన్నరకే కూతుర్ని వెంటేసుకుని హాల్లో దిగింది. కుర్చీలు తుడిచేవాళ్ళు తప్ప అక్కడ నరపురుగు లేదు.

"కుర్చీలైనా ఆరనివ్వమ్మా," అని గొణిగింది కూతురు.

"నోర్మూసుకుని కూర్చో. సీటు దక్కాలంటే ఎప్పుడు రావాలో నాకు చెప్పొచ్చావు!" అంటూ ఆవిడ పక్క కుర్చీలో చేతిరుమాలు పరిచింది. బస్సు కిటికీలోంచి రుమాళ్ళు విసిరి సీట్లు ఆపుకునేవాళ్ళని ఉద్యోగం చేసినన్నాళ్ళూ తిట్టిపోసిన మనిషి! తన దాకా వస్తే గానీ తెలియదు మరి.

ఆవిడ ఆత్రానికి కారణం ఉంది. ఆవిడ మొగుడు ముప్పై రెండేళ్ళు బస్సు నడిపాడు. ఒక్క ప్రమాదం లేదు. కోడిపిల్లనైనా తొక్కించలేదు. ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడని ఆ రోజు సంస్థవాళ్ళు సన్మానం పెట్టి షీల్డు ఇస్తున్నారు. అదే బస్సులో కండక్టరుగా ఇరవై రెండేళ్ళు పనిచేసి రెండేళ్ళ కిందటే దిగిపోయింది ఈవిడ. పరిచయం ఆ బస్సులోనే, పెళ్ళిమాటలు ఆ బస్సులోనే, ఇంటి ఖర్చుల మీద పోట్లాటలూ ఆ బస్సులోనే. అయితేనేం? ఆయన ముందు, ఈవిడ వెనక. మధ్యన అరవై మంది జనం. ఇన్నేళ్ళలో ఈవిడ చూసింది ఆయన మెడ, కాలరు, చెమటకి తడిసిన చొక్కా వీపు, అంతే. కోపమొస్తే ఆయన చెవులు ఎర్రబడతాయనీ, ఆకలేస్తే భుజాలు వాలతాయనీ వెనకనుంచే కనిపెట్టేది. ఇంట్లో చూసే మొహం వేరు, అది ఎప్పుడూ పేపర్లోనో దిండులోనో ఉంటుంది. యూనిఫాం వేసుకుని తనకెదురుగా నిలబడ్డ మొగుణ్ణి ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలని ఆవిడ కోరిక. చెబితే నవ్విపోతారని కూతురికి కూడా చెప్పలేదు.

పెద్దాఫీసరు ఉపన్యాసం నలభై నిమిషాలు సాగింది. కండక్టరమ్మ ఆవలింతలు మింగుతూ ఓపిక పట్టింది. చివరికి మైకులో మొగుడి పేరు వినపడగానే వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. ఆయన పక్కనుంచి మెట్లెక్కి వేదిక మీదకి వచ్చాడు.

అంతే! ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారో గానీ పదిమంది ఫోటోగ్రాఫర్లు బిలబిలమంటూ వచ్చి ఆవిడ ముందు గోడ కట్టేశారు. ఒకడి వీపు మీద బండెడు సంచీ. ఇంకొకడు మూడుకాళ్ళ స్టాండు విప్పి వీడియో కెమేరా పెట్టాడు. వాళ్ళ పక్కన ఫోన్లు పైకెత్తిన చుట్టపక్కాలు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ముందు వరస సీటు దక్కినా లాభం లేకపోయింది. రెండు మోచేతుల సందులోంచి ఆవిడకి మొగుడి చొక్కా చెయ్యి జానెడు కనపడింది.

"సార్, ఫ్లాష్ పడలేదు! ఇంకోసారి!" అని అరిచాడు ఆవిడ ముందున్న గడ్డం ఫోటోగ్రాఫరు. పెద్దాఫీసరు నిమ్మకు నీరెత్తినట్టు షీల్డు వెనక్కి తీసుకుని మళ్ళీ ఇచ్చాడు. "ఇటు చూడండి సార్! డ్రైవరుగారూ, ఇటు! కొంచెం నవ్వండి!" ఆయన ఎటు తిరిగాడో, నవ్వాడో లేదో పైవాడికే తెలియాలి.

ఆవిడ గడ్డమాయన భుజం తట్టింది. "బాబూ, కాస్త కిందికి కూర్చుని తీసుకోవూ?"

"ఒక్క నిమిషం ఆంటీ."

"నాకు కావలసిందీ ఆ ఒక్క నిమిషమే నాయనా."

"రేపు ఫోటో పంపిస్తాగా! ఇంట్లో తీరిగ్గా చూసుకోండి."

"ఫోటోలో చూసుకునే భాగ్యానికి తొమ్మిదిన్నరకే వచ్చి కూర్చోవాలా?"

ఆయనకీ చిర్రెత్తింది. "మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి ఆంటీ! ఫోటో సరిగా రాకపోతే ఆఫీసులో తిట్లు తినేది మీరు కాదు, నేను."

అదీ నిజమే. ఎవరి పని వాళ్ళకి ముఖ్యం. కండక్టరమ్మకి ఆ మాట అర్థమైంది గానీ కడుపుమంట తగ్గలేదు. ఈలోగా ఫోటోలు అయిపోయాయి, పెద్దాఫీసరు కూర్చోబోతున్నాడు, ఆవిడ మొగుడు షీల్డు చంకన పెట్టుకుని దిగడానికి మెట్ల వైపు తిరిగాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే ఆ క్షణం మళ్ళీ రాదు.

"హోల్డాన్!"

కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీదనుంచి ముందు సీటు దాకా వినపడ్డ గొంతు అది. హాలు మొత్తం ఉలిక్కిపడింది. అక్కడున్నవాళ్ళలో సగంమంది డ్రైవర్లు. వాళ్ళకి తెలియకుండానే కుడికాళ్ళు నేలని గట్టిగా తొక్కాయి. వేదిక మీద ఆవిడ మొగుడు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయాడు.

"అమ్మా, నీకు దండం పెడతాను, కూర్చో," అని కూతురు చెయ్యి పట్టి లాగింది. కూర్చుంటే ఆవిడ కండక్టరెలా అవుతుంది?

"అయ్యా పెద్దాఫీసరుగారూ! కెమేరాల కోసం ఇచ్చిన షీల్డే మళ్ళీ ఇచ్చారు. మా కళ్ళ కోసం ఇంకోసారి ఇస్తే అరిగిపోతుందా?"

హాలంతా గొల్లుమంది. పెద్దాఫీసరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇంతకీ మీరెవరమ్మా?"

"ఆయన భార్యనండీ. ఆయన కండక్టర్ని కూడా. ఇరవై రెండేళ్ళు ఆయన వీపు చూస్తూ టిక్కెట్లు కొట్టాను. ఇవాళైనా మొహం చూసుకుందామని వస్తే వీళ్ళందరి వీపులూ అడ్డం పడ్డాయి!"

చప్పట్లు మోగాయి. ఎవరో ఈల కూడా వేశారు. కూతురు మొహం చేతుల్లో దాచుకుంది. డ్రైవరు చెవులు ఎర్రగా కందిపోయాయి.

గడ్డం ఫోటోగ్రాఫరు వెనక్కి తిరిగి ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. "ఈ ముక్క ముందే చెప్పొద్దా అమ్మా?" అన్నాడు. ఆంటీ పోయి అమ్మ వచ్చింది. ఆయన తన వాళ్ళ మీద ఒక్క కేక వేశాడు: "కూర్చోండ్రా అందరూ!" అని తనే ముందుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. సంచీ వీపువాడు కూర్చున్నాడు. వీడియో ఆయన సణుక్కుంటూనే స్టాండు కాళ్ళు కుదించాడు. ఫోన్లవాళ్ళు కిక్కురుమనకుండా సీట్లకి పోయారు.

"నీ పని మానుకోవద్దు నాయనా, కూర్చుని తీసుకో," అంది ఆవిడ.

"మానతానా అమ్మా?" అన్నాడు ఆయన నవ్వుతూ.

మూడోసారి షీల్డు ఇచ్చారు. ఇప్పుడు మధ్యన ఏ అడ్డూ లేదు. ఆయన పెదాలు బిగించి, రద్దీలో సందు వెతుకుతున్నట్టు కళ్ళు చిట్లించి నిలబడ్డాడు. ఓహో, బస్సు నడిపేటప్పుడు ఈయన మొహం ఇలా ఉంటుందన్నమాట అనుకుంది ఆవిడ. అంతలో ఆయన చూపు ఆవిడ మీద పడింది. బిగించిన పెదాలు విడిపోయాయి, సిగ్గుపడుతూ నోరారా నవ్వేశాడు. ఎంత అందగాడు తన మొగుడు! ఆ ఆనందంలో ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చి, కళ్ళ ముందు అంతా మసకైపోయింది.

ఆయన వేదిక దిగి తిన్నగా ఆవిడ దగ్గరికి వచ్చాడు. "కనపడ్డానా?"

"ఎక్కడండీ, పాడు కన్నీళ్ళు! కదలకండి. కాసేపు అలాగే నిలబడండి," అంటూ ఆవిడ అరచేత్తో కళ్ళు తుడుచుకుని, తలెత్తి, తనివితీరా చూసింది. ఏడుస్తూనే నవ్వింది. ఎక్కడో క్లిక్‌మంది.

మొగుడి వెనక నేల మీద కూర్చున్న గడ్డమాయన లేచొచ్చాడు. "తప్పైతే తిట్టండమ్మా. ఒక్కటే తీశాను," అని కెమేరా వెనక ఉన్న చిన్న తెర చూపించాడు.

తెర మీద డ్రైవరు మెడ, కాలరు, వీపు. ఆ భుజం మీదుగా కండక్టరమ్మ మొహం.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! మళ్ళీ వీపేనా?" అని నవ్వేసింది ఆవిడ.

డ్రైవరు మాత్రం నవ్వలేదు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, కెమేరా మీదికి వంగి చాలాసేపు చూశాడు. "ఇది నాక్కావాలి బాబూ. మర్చిపోకుండా పంపించు," అన్నాడు.

"మీ వీపు ఫోటో మీకెందుకండీ?"

"నీ మొహం కోసం. ఇన్నేళ్ళూ వెనకనుంచి నీ గొంతు విన్నానే గానీ అక్కడ నువ్వెలా ఉంటావో చూడలేదు. అద్దంలో చూద్దామంటే జనం చేతులూ సంచులూ." ఆయన కళ్ళజోడు తీసి ఆవిడ వైపు తిరిగాడు. "ఎన్నిసార్లు తల తిప్పాలనిపించిందో నీకేం తెలుసు? బస్సులో అరవై మంది ఉన్నారు కదే."