తలుపు వైపు ‘చకచక’

కాపురానికి వచ్చాక ఆమెకు దొరికిన మొదటి పెద్ద పని, మామగారి అన్నగారి బస్సులకు అక్షరాలు గీయడం. బస్సు పేరు ‘చకచక’. మన అక్షరాలు గుండ్రంగా, తీరిగ్గా కూర్చుంటాయి, వాటిని పరిగెత్తించాలి. అందుకని ఆమె వాటిని లావు చేసింది, రద్దీ బస్సులో జనంలా ఒకదాని పక్కన ఒకటి ఇరికించింది, కుడికి వాల్చింది. పొట్టలు నొక్కుకుపోయి నిలువు కోడిగుడ్లలా తయారైన అక్షరాలను చూసుకుని తెగ మురిసిపోయింది. వాటిని బస్సు మీదికి రంగుతో దింపింది ఆమె భర్తే. బోర్డులు రాయడం అతని వృత్తి.

ఈ ఒక్క బస్సు నచ్చితేనే మిగతావాటికీ ఆమె అక్షరాలు. లేకపోతే బజారులో దొరికే స్టిక్కర్లు. పెద్దమామగారు ముందే తేల్చి చెప్పారు.

ఆయన షెడ్డుకు వచ్చి డ్రైవరు వైపు చూశారు. “బాగుందమ్మాయ్. నిలబడ్డ బస్సు కూడా ఉరుకుతున్నట్టుంది.”

ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. ఆయన చుట్టూ తిరిగి తలుపు వైపు వచ్చారు.

“ఇటు చూస్తే నా బస్సు వెనక్కి పోతోందేంటి తల్లీ?”

నిజమే. ఇటువైపు బస్సు ముక్కు ఎడమకు ఉంది. అక్షరాలేమో కుడికి వాలి, మేం రామని మొండికేస్తున్నాయి. కాగితం మీద ముచ్చటపడ్డ ఇద్దరికీ, బస్సుకు రెండు వైపులుంటాయన్న సంగతే తట్టలేదు.

“రాసేటప్పుడు నీకైనా తెలియక్కర్లేదా?” అని భర్తను నిలదీసింది.

“నువ్వు పక్కన నిలబడి నవ్వుతుంటే నాకు కుడి ఎడమలు తెలుస్తాయా?”

“సరసాలు ఇంటికెళ్లి ఆడుకోండి,” అన్నారు పెద్దమామగారు. “సాయంత్రం బస్సు కదలాలి. సరిచేస్తారా, స్టిక్కర్లవాణ్ణి పిలవనా?”

“చేస్తాం పెద్దమామయ్యగారూ.”

అతను పాత రంగు తుడుస్తుంటే, ఆమె నేల మీద చతికిలబడి అక్షరాలను ఎడమకు వాల్చింది. తలకట్టు దగ్గర వచ్చింది చిక్కు. అక్షరం ఎడమకు పోతుంటే తలకట్టు తోక కుడికే లేస్తానంటుంది. కత్తిరిస్తే బోడిగుండులా ఉంది. పొట్టి చేస్తే అలిగినట్టుంది. విసుగెత్తి, నీ ఇష్టం వచ్చినట్టు పో అని పొడుగ్గా లాగేసింది.

భర్త భుజం మీంచి తొంగి చూశాడు. “బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు నీ జుట్టు ఇలాగే ఉంటుంది.”

అక్షరాలు ముందుకు దూకుతుంటే తలకట్లు గాలికి వెనక్కి ఎగురుతున్నాయి. అతను వెంటనే కుంచె అందుకున్నాడు.

సాయంత్రం పెద్దమామగారు తలుపు వైపు చూశారు, డ్రైవరు వైపు వెళ్లొచ్చారు, మళ్లీ చూశారు. “ఇదే బాగుంది. అటువైపు కూడా ఇలాగే జుట్టు ఎగరెయ్.”

“అటువైపు ఎగరేస్తే కళ్లల్లో పడుతుంది పెద్దమామయ్యగారూ. అక్కడ తోకా, వాలూ రెండూ కుడికే.”

ఆయన గడ్డం గోక్కున్నారు. “అయితే బస్సు తిరిగొచ్చాక అటు జడ వేసెయ్. మిగతా బస్సులకీ అంతే.”

బస్సు కదిలింది. రంగు పచ్చిగా ఉంది, ఎవరూ ఆనుకోకండని కండక్టరు అరుస్తున్నాడు. ఎక్కమని వాళ్లిద్దర్నీ పిలిచాడు కూడా. వాళ్లు ఎక్కలేదు. ఎక్కితే అక్షరాలు కనబడవు.