వెనక సీటు మాట

బావగారికి సొంత విమానం ఉంది. ఆ సంగతి ఆయన ఎవరినీ మరిచిపోనివ్వడు. ఆ నాలుగు సీట్ల విమానంలో రాత్రిపూట ఎగరడం నేర్చుకోమని తమ్ముడి భార్యకు ఇచ్చాడంటే, అదేదో అభిమానం అనుకునేరు! తమ్ముడు కాళ్లావేళ్లా పడితే ఒప్పుకున్నాడు. రాత్రిపూట విమానం నడిపే పరీక్ష బావగారే రెండుసార్లు తప్పాడు మరి. ఆ కడుపుమంట ఊరికే చల్లారుతుందా?

శిక్షణ బడిలో ఉన్న ఒకే ఒక్క విమానం మరమ్మతుకు పోయింది. ఆమె రాత్రిపూట ఇంకొక్కసారి విమానాన్ని సరిగ్గా దించితే మాస్టారు సంతకం పెడతారు. సంతకం ఉంటే రోగులను తీసుకెళ్లే విమానంలో ఉద్యోగం. దరఖాస్తుకు రేపే ఆఖరు.

ముందు ఆమె, పక్కన మాస్టారు. వెనక హెడ్‌సెట్ తగిలించుకుని బావగారు.

"మెల్లిగా అమ్మాయ్. అది నీ వంటింట్లో మిక్సీ కాదు."

ఆమెకు ఒళ్లు మండింది.

ఆ బడిలో ఒక కట్టుబాటు ఉంది. మాస్టారు "నేను చూసుకుంటా" అన్నారంటే విమానం ఆయన చేతిలోకి పోయినట్టే. వెంటనే చేతులు తీసేసి "మీదే" అనాలి. ఎందుకని అడగకూడదు.

రన్‌వే దీపాలు దగ్గరపడుతుండగా వెనక తలుపు గడగడలాడింది.

"నేను చూసుకుంటా," అన్నాడు బావగారు.

హెడ్‌సెట్‌లో ఎవరి గొంతైనా ఒకేలా రేకుడబ్బా మోతలా వినిపిస్తుంది. మాస్టారే అనుకుని ఆమె చేతులు తీసేసింది. "మీదే" అనేలోపే విమానం ముక్కు కిందికి వాలింది. మాస్టారు గబుక్కున అందుకుని పైకి లేపి, ఒక చుట్టు తిప్పి, తనే దించారు. దాంతో ఆ దింపడం ఆమె లెక్కలోకి రాకుండా పోయింది.

"చేతులు వదిలేసింది, చూశారుగా మాస్టారూ," అన్నాడు బావగారు కిందికి దిగుతూనే. "ముగ్గురం పోయేవాళ్లం."

"చూసుకుంటానని వెనకనుంచి మీరే అన్నారు కదా?"

"నేనా? నేను నోరే విప్పలేదు."

విప్పలేదట! ఆమె మాస్టారి వైపు తిరిగింది. ఆయన హెడ్‌సెట్ తీగ చుడుతూ తల ఎత్తలేదు.

"నాకేం వినపడలేదమ్మా."

బావగారు ఈ విమానం కూడా ఇవ్వనంటే బడికి తాళమేనని, మాస్టారి భయం అదేనని ఆమెకు తెలుసు. అయినా ఊరుకోలేదు.

"వినీ లేదంటే అబద్ధమాడుతున్నారు మాస్టారూ. నిజంగా వినపడకపోతే ఆ సీట్లో కూర్చోవడానికి పనికిరారు. ఏదో ఒకటి మీరే తేల్చండి."

మాస్టారు చుట్టిన తీగ పక్కన పెట్టారు.

"విన్నానమ్మా. తలుపు గడగడలాడితే దాన్ని చూసుకుంటానన్నారు సారు."

బావగారి ముఖం మాడిపోయింది.

"అయితే రేపట్నుంచి నా విమానం ఎవరికీ లేదు. తాళంచెవి ఇటివ్వు. మిగతాది ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

ఉద్యోగం చేజారిపోయింది. ఆమె తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

"ఇంట్లో వద్దు బావగారూ, ఇక్కడే మాట్లాడండి. ఇంట్లో అయితే మీరు నోరే విప్పలేదంటే అందరూ నమ్ముతారు."