కోడలి కొమ్మ

అన్నంలో రాయి పంటికింద పడితే వండినవాళ్లని నిలదీస్తాం కదా, మరి ఊపిరిలో రాయి పడితే ఎవర్ని నిలదీస్తారు? చెప్పండి, వింటాను.

రాతి పలకలు నునుపు చేసే షెడ్డులో, కిటికీ పక్కన నూనెడబ్బాలో ఒక పొద ఉంది. ఏడాది పొడుగునా పచ్చగానే ఉంటుంది, చలికి మాత్రం పసిబిడ్డలా ముడుచుకుపోతుంది. అందుకే ఆడవాళ్లు మిషన్ల దగ్గరికి వెళ్లే ముందు వరసలో నిలబడి, ఎవరి కొమ్మ మీద వాళ్లు వెచ్చగా ఊపిరి ఊదుతారు. సాయంత్రానికి ఎవరి కొమ్మకి వాళ్ల ఊపిరి కాస్తుంది, గోళీకాయంత ఎర్రటి పండై. తిన్నవాళ్లకి ఒక పూట ఊపిరి ఆడుతుంది. అక్కడది మామూలే. ఎరువు ఎంత వెయ్యాలన్న దాని మీద తప్ప ఆ పొద గురించి ఎవరికీ పేచీ లేదు.

డబ్బా అడుగున చిల్లులు పెట్టి, కొమ్మ గుచ్చి పెంచింది అత్త. పాతికేళ్లు అక్కడే పని చేసి, ఇప్పుడు ఊపిరాడక మంచం మీద మూడు దిండ్లకి ఆనుకుని ఉంది. ఆమె చోటుకి కోడలు వెళ్లి నాలుగు నెలలు. పలక కోసేటప్పుడు నీళ్లు పారుతుంటే దుమ్ము లేవదు. కానీ తడిసిన పలక ఆరడానికి పూట పడుతుందని సూపర్‌వైజర్ పైపు కట్టేయించాడు.

రోజూ కోడలు టిఫిన్ డబ్బాలో, అత్త కోసం అందరూ ఇచ్చిన పండ్లు తెస్తుంది.

"ఇది కటింగ్ మిషన్ ఆవిడది."

"తెలుస్తూనే ఉందిలే. తినగానే బూతులు నోటిదాకా వస్తున్నాయి," అంటూ అత్త ఇసుక ఉమ్మేస్తుంది. అందరి పండ్లలోనూ ఇసుకే. కోడలిది ఒక్కటే మెత్తగా జారేది, తెల్లారేదాకా ఆయాసం రానిచ్చేది కాదు.

మూడు రోజులుగా అదీ కరకరమంటోంది. అత్త ఉమ్మలేదు, మింగేసింది. చెబితే ఈ పిల్ల పని మానేస్తుంది, మానేస్తే తనకి ఊపిరి లేదు. ఆవిణ్ణి తప్పుపట్టే ముందు ఒక్క నిమిషం మీ ముక్కు మూసుకుని చూడండి.

నాలుగో రోజు డబ్బా మూత తీస్తూ కోడలు దగ్గింది. పొడిగా, చిన్నగా. అత్త మొదటి దగ్గు కూడా అచ్చం అలాగే ఉండేది.

"చెయ్యి చాపు." పండు కొరికి, రాతిపలుకు కోడలి అరచేతిలో ఉమ్మింది. "నీదే. మూడు రోజుల నుంచీ పడుతోంది. చెప్పలేదు."

కోడలు ఆ పలుకుని వేలితో నలిపి చూసింది. "మింగేశావా అత్తా?"

"మింగేశాను. తిట్టవే, పడతాను. రేపట్నుంచి మాత్రం పనికి వెళ్లకు."

"వెళ్లకపోతే నీకు ఊపిరి ఎవరిస్తారు?"

"నోరు నాది. ఇక తెరవను."

నిజంగానే పళ్లు బిగించుకుంది. కోడలు బతిమాలింది, ఏడ్చింది, పండు పెదాలకి రాసింది. తెరవలేదు.

పొద్దున షెడ్డు సైరన్ మోగేసరికి అత్త చల్లబడిపోయి ఉంది. కోడలు పనికి వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. దగ్గు పోలేదు గానీ, అక్కడే ఆగింది.

షెడ్డు ఆగలేదు. ఆ కొమ్మకి కొత్త పిల్ల వచ్చింది, పద్దెనిమిదేళ్లు. దాని పండు ఇంకా మెత్తగానే ఉంది. ఇంకెన్నాళ్లు? విన్నది చాలు, లేవండి. రేపు మిషన్లు తిరగకముందే ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడండి. పైపు విప్పేదాకా కదలకండి.