బొటనవేలికి తెలిసిన తెర

నేను ఒక పాత సెల్‌ఫోన్‌ని. ఫ్యాక్టరీలో వేలమందితో పాటు పుట్టి, అనకాపల్లిలో ఓ దుకాణం అద్దాల వెనక రెండు నెలలు పడుండి, స్కూలు ఆటో నడిపే సన్యాసిరావు చొక్కా జేబులోకి చేరాను. ఆరేళ్ళు ఆ జేబే నా ఇల్లు.

అతని బొటనవేలంటే నాకు గర్వం. ఫోను చేయాలంటే కింద ఎడమ మూల, పాటలకు దాని పైన. ఈమధ్య అయితే నావైపు చూడకుండానే తడబడకుండా తాకేవాడు. నా మీద అంత నమ్మకమని మురిసిపోయాను. పొగిడితే మనుషులు ఉబ్బిపోతారంటారు. మేమూ తక్కువ తినలేదు.

నా అద్దం పగిలిందని, నర్సుగా పనిచేసే అతని కూతురు హేమసుధ ఓ ఆదివారం కొత్త ఫోను తెచ్చింది. మా ఇద్దరినీ మంచం మీద పక్కపక్కన పెట్టి, నాలోవన్నీ దాంట్లోకి పంపింది. ముప్పావుగంటలో యాప్‌లన్నీ దాటాయి. వాటి వరస మాత్రం దాటలేదు. కొత్త తెర మీద ఎక్కడపడితే అక్కడ కూర్చున్నాయి.

"ప్రిన్సిపాల్ మేడంకి ఓసారి ఫోన్ చేసి చూడు నాన్నా."

బొటనవేలు ఎడమ మూలకు వెళ్ళింది. కెమెరా తెరుచుకుంది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ కెమెరానే. మూడోసారి ఫోను చెంప దాకా తెచ్చుకుని, ముఖం పక్కకు తిప్పి, కంటి కొసతో వెతికాడు.

"ఆకుపచ్చది నాన్నా. ఎదురుగానే ఉంది కదా."

"ఏదీ తల్లీ?"

హేమసుధ నవ్వు ఆగిపోయింది. అతని ముఖం ముందు చెయ్యి ఎత్తింది. "ఎన్ని వేళ్ళు?"

అతను మళ్ళీ ముఖం పక్కకు తిప్పాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఉగాది ముందు నుంచీని. మధ్యలో మసక, పక్కలు కనిపిస్తాయి. దారి నాకు కంఠతా వచ్చు గదేటి."

"దారి వచ్చు నాన్నా. దారికి అడ్డం వచ్చేవాళ్ళ సంగతేంటి?"

నాకు గుండె లేదు గానీ, ఉంటే ఆగిపోయేది. రోజూ పదకొండు మంది పిల్లలు. హైవే దాటుతుంటే మీదికొచ్చే లారీ హారన్లు, "అంకులూ, ఆగు, ఆగు" అన్న కేకలు జేబులోంచి విన్నది నేనే. అవి ఆటలనుకున్నాను. నమ్మకమని నేను మురిసిందంతా చూపు లేకపోవడం.

హేమసుధ తిట్టలేదు. ఏం చేయాలో తోచక, యాప్‌లను పాత చోట్లకు జరపసాగింది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వొద్దమ్మా. పాతలాగ సర్దీసేవంటే రేపు మళ్ళీ ఆటో తీసీగలను. ముందు మేడంకి కలుపు. నేనే చెప్తాను."

ఆమె కలిపి ఇచ్చింది.

"మేడం, సన్యాసిరావునండి. రేపటి నుంచి పిల్లల్ని నా ఆటో ఎక్కించకండి. నాకు కళ్ళు కనపడ్డంలేదు."

తడబడకుండా చెప్పాడు. మాట అయిపోయాక మాత్రం, ఫోను ఎక్కడ నొక్కి పెట్టెయ్యాలో తెలియక కూతురి చేతికిచ్చాడు.