విరిగిన బిట్టు కొస

తీజ్ పండగ తొమ్మిదో రోజు. పెద్దవంగర దగ్గరి తండాలో ఆడపిల్లలంతా గోధుమ మొలకల బుట్టలు చెరువుకు తీసుకెళ్లే హడావుడిలో ఉంటే, కమ్లీ మాత్రం కూతురి డ్యూటీ ప్యాంటు ఉతకడానికి కూర్చుంది. పండగ పూట ఉతుకులేమిటని అంటే వినే మనిషా! జేబులో చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి వెనక్కి లాక్కుంది.

"ప్రియా, జేబుల గీ మొల ఏందే?"

"యాడీ, గది మొల కాదు..." తల్లితో అంటూనే ప్రియ మొహం పాలిపోయింది.

అది మేకు కాదు, రేకుకు రంధ్రం చేసే డ్రిల్లు బిట్టు ముక్క. ప్రియ హైదరాబాదులో విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో రేకు పని చేస్తుంది. రెక్క మీది రేకు చీలితే, చీలినంత మేర కోసి, కొత్త రేకు వేసి, రంధ్రాలు చేసి, రేకుల్ని బిగించే రివెట్లు కొట్టడం ఆమె పని. నిన్న ఆఖరి రంధ్రం దగ్గర బిట్టు విరిగింది. చేతిలో మిగిలింది సగమే. కొస రెక్క లోపల పడ్డట్టే!

డ్యూటీ దిగేముందు ప్రతి పనిముట్టూ లెక్క చూడాలి. విరిగితే రెండు ముక్కలూ అప్పజెప్పాలి. లేకపోతే విమానం కదలదు. రెక్కలో విమానాన్ని అటూ ఇటూ వంచే తీగలుంటాయి, వాటి మధ్య గోరంత ఇనుము ఇరుక్కున్నా ప్రమాదమే. మరి ఇంత తెలిసిన పిల్ల ఏం చేసింది? తర్వాత వెతుకుదామని సగం జేబులో వేసుకుని, ఇంకో బిట్టుతో పని ముగించి, తొర్రూరు బస్సు తొందరలో మర్చేపోయింది. పనిముట్ల పెట్టె లెక్క చూడాల్సిన స్వాతి, "నువ్వు పోయే, నేను చూసుకుంట" అని మూత తెరవకుండానే సంతకం పెట్టింది. మొగుళ్లపల్లి పిల్ల, ఒకే గదిలో ఉండే నేస్తం. ఎంత గొప్ప స్నేహమో చూడండి!

ఆ విమానం నాలుగింటికి లేస్తుంది. ఇప్పుడు ఒంటిగంట. ప్రియ వెంటనే డ్యూటీలో ఉన్న స్వాతికి ఫోన్ చేసింది.

"నీ కాళ్లు మొక్కుత, చెప్పకే," అంది స్వాతి. "సంతకం నాది. నౌకరి పోతది. మా బాపు ఊరంత చెప్పుకున్నడు. గంత చిన్న ముక్క, రెక్క ఊడ్చినప్పుడే పోయుంటది."

"పోకుంటే?"

స్వాతి ఫోన్ పెట్టేసింది.

ప్రియ తల్లికి సంగతంతా చెప్పింది. కమ్లీ విని, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "గందుల ఎక్కెటోళ్లకు ఎరుకనా బిడ్డా?" అని అడిగింది.

ప్రియ సూపర్వైజర్ హన్మంత్‌కు ఫోన్ చేసి, ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది.

"విమానం ఆపుతున్న. ఫోన్ దగ్గర పెట్టుకో," అన్నాడు.

బుట్టలు చెరువుకు కదిలాయి. తండాకు తండా పాటలతో వెళ్లిపోయింది. ప్రియ గడప దాటలేదు.

మూడున్నరకు స్వాతి ఫోన్ చేసింది.

"దొరికింది," ఏడుస్తోంది. "సందు చిన్నగుందని నా చెయ్యే పెట్టమన్నరు. తీగ తిరిగే చక్రం పక్కకే ఉన్నదే. జర జరిగితే పట్టేస్తుండె."

"సార్ ఏమన్నడు?"

"మనిద్దర్ని పక్కకు పెట్టిండు. విచారణ అయ్యేదాక పనిముట్టు ముట్టద్దట."

"నా మీద కోపమున్నదా?"

"కోపం గాదే, సిగ్గున్నది. నువ్వు చెప్పకుంటే నేనైతే చెప్పకపోతుంటి. విమానం లేస్తుంటే సూసుకుంట నిలబడుతుంటి. నువ్వు మంచిదానివే ప్రియా."

ఆ మాట ప్రియ భరించలేకపోయింది.

"గట్ల అనకే. సార్ కన్న ముందు నీకెందుకు ఫోన్ చేసిన్నో ఎరుకనా? నువ్వు వద్దంటవని, నాకు చెప్పుడు తప్పుతదని చేసిన."

అవతల స్వాతి ఏడుపు ఆగిపోయింది.