నా పొట్ట మీద అచ్చయిన నంబరు

నేను ఒక ఫ్లెక్సీని. పుట్టినరోజుకీ, పెళ్ళికీ, పోయినవాళ్ళ పెద్దకర్మకీ మీరు కట్టే జాతివాణ్ణే. నన్ను చూసి ఎవరైనా ఆగితే, ఎవరి ఫోటో ఎంత పెద్దగా పడిందో చూస్తారు తప్ప రాసింది చదవరు. నా బాధంతా అదే.

నన్ను కోనసీమలో ఒక హైస్కూలు కోసం అచ్చువేశారు. 'ఇంటర్నెట్ భద్రతపై విద్యార్థులకు, తల్లిదండ్రులకు అవగాహన సదస్సు' అని నా నెత్తిన ఎర్రక్షరాలు. ఆ సదస్సు నడిపేది లెక్కలు చెప్పే సుగుణకుమారి టీచరు. ఆవిడ రాసిచ్చిందల్లా సదస్సు ఎప్పుడో ఎక్కడో, దాని కింద ఒక హెచ్చరిక: 'మీ ఫోటో, పేరు, ఫోన్ నంబరు ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇవ్వకండి.' అంతటితో వదిలేస్తే నేను గౌరవంగా బతికేవాణ్ణి. వదుల్తారా?

ప్రింటింగు షాపుకి వచ్చినవాడు స్కూలు కమిటీ చైర్మన్ వీర్రాజు. డిజైన్ చేసే అమ్మాయి కాగితం చూసి, "ఫోటోలేవండీ?" అంది.

"మరే! ఫోటోల్లేకుండా ఫ్లెక్సీ ఏటండీ, బోసిగా ఉంటాది. నాది కాస్త పెద్దది పెట్టండి" అన్నాడు వీర్రాజు.

ఆయన పక్కన సర్పంచి, ఆ పక్కన హెడ్మాస్టారు, కింద దండాలు పెడుతూ కమిటీ సభ్యులంతా వచ్చి కూర్చున్నారు. అయినా నడుమ, హెచ్చరిక కింద కాస్త చోటు మిగిలింది. చోటు మిగిలితే మనవాళ్ళకి తోచదు. సదస్సు కోసం పిల్లలకి నినాదాల పోటీ పెడితే తొమ్మిదో తరగతి లాస్యకి మొదటి బహుమతి వచ్చింది. ఆ పిల్ల ఫోటో అక్కడ పెట్టించాడు. ఫోటో కింద పేరు, తరగతి, ఊరు, తండ్రి పేరు. అభినందించేవాళ్ళు అభినందించుకోవాలి కదా అని తండ్రికి ఫోను చేసి, నంబరు కూడా వేయించమంటావా అని అడిగాడు. తండ్రి తాతారావు స్కూలు ఎదురుగా కొబ్బరి బొండాలు అమ్ముతాడు. పొంగిపోయి, "ఆయ్, వేయించండి బాబూ! మా అమ్మాయి సంగతి నలుగురికీ తెలవాలి" అన్నాడు. ఆ నంబరు నా పొట్ట మీద, టీచరుగారి హెచ్చరికకి సరిగ్గా కిందే పడింది. రంగు ఆరకముందే నాకు తల బాదుకోవాలనిపించింది. నా మీద ఉన్న తలలన్నీ వాళ్ళవే అయిపోయాయి, ఏది బాదుకోను?

సోమవారం నన్ను స్కూలు గేటు మీద ఎత్తుగా కట్టారు. ఊరు ఊరంతా వచ్చి నా ముందు నిలబడి సెల్ఫీలు దిగి స్టేటస్‌లు పెట్టుకుంది. సుగుణకుమారి టీచరు దూరం నుంచే నా మీది వీర్రాజు మొహం చూసి, నుదురు కొట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ కూడా చివరిదాకా చదవలేదు. చదివి ఉంటే ఎంత బావుండేది!

రెండ్రోజులు గడిచాయో లేదో, తాతారావు ఫోనుకి మెసేజ్ వచ్చింది. సాయంత్రాలు ఆ ఫోను లాస్య దగ్గరే ఉంటుంది, హోంవర్కు అందులోనే వస్తుంది కనక. 'లాస్యా, నినాదాల పోటీలో ఫస్టు వచ్చావట. మా సంస్థ తరఫున నీకు ఇంకో బహుమతి. నీ ఫోటోలు ఇంకొన్ని పంపు. ఇంట్లో చెప్పకు, సర్‌ప్రైజ్.' పిల్ల పంపలేదు. టీచరు క్లాసులో నేర్పినట్టే తిన్నగా వెళ్ళి తండ్రికి చూపించింది.

చూపించినందుకు ఏం దక్కింది? "నీ పేరు, నీ క్లాసు ఆడికెలా తెలిసిందే? నువ్వు చెప్పకుండానే తెలిసిందా?" అని తాతారావు విరుచుకుపడ్డాడు. ఫోను లాక్కున్నాడు. శనివారం జరిగే సదస్సులో నలుగురిలో తేల్చేసి, ఆ పూట నుంచే బడి మాన్పించేస్తానన్నాడు. ఇదంతా ఆయన మర్నాడు గేటు దగ్గర వీర్రాజుకి చెప్పుకుంటుంటే విన్నాను. ఇద్దరూ నా నీడలోనే నిలబడి, అసలు ఆ నంబరు వాడికెలా దొరికిందబ్బా అని తెగ ఆశ్చర్యపోయారు. తల పైకెత్తండర్రా అని అరవాలని ఉంది. నోరు లేకపోవడం ఎంత నరకమో నాకు ఆ రోజే తెలిసింది.

శనివారం నన్ను గేటు మీంచి దింపి వరండాలో వేదిక వెనక, మనిషి ఎత్తున కట్టారు. టీచరు మాట్లాడటం మొదలుపెట్టిందో లేదో తాతారావు లేచాడు.

"మీ ఇంటర్నెట్టు పాఠాలు సాలు టీచరుగారూ. మా అమ్మాయిని తీసుకుపోతన్నాను."

తల్లి పక్కన లాస్య బిగుసుకుని కూర్చుంది. నిజానికి గేటు మీద తన ఫోటో చూసుకోవడానికి సిగ్గేసి, ఆ వారమంతా తలొంచుకునే బడికి వచ్చింది. ఇప్పుడు ఎదురుగా ఉన్నాను కాబట్టి చూడక తప్పలేదు. ఉన్నట్టుండి లేచి నా దగ్గరికి వచ్చింది. నా మీద వేలు పెట్టి గట్టిగా చదివింది.

"మీ ఫోటో, పేరు, ఫోన్ నంబరు ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇవ్వకండి." ఆగకుండా వేలు కిందికి జరిపింది. తన పేరు, తరగతి, ఊరు, తండ్రి పేరు, నంబరు చివరి అంకెదాకా చదివేసింది. అప్పుడు ఏడ్చింది.

వీర్రాజు కండువా సర్దుకున్నాడు. తాతారావు నా దగ్గరికొచ్చి ఆ అంకెలు తనూ చదువుకున్నాడు. "ఆ నంబరు వేయించమంది నేనేనండీ" అన్నాడు చివరికి, టీచరుతో కాదు, అందరితో. రోడ్డు దాటి బండి మీది కత్తి తెచ్చి, కూతురు ఉన్న మేరకు నన్ను కోసేశాడు. నాకేం నొప్పెయ్యలేదు. పుట్టాక మొదటిసారి కాస్త హాయనిపించింది. లాస్య సోమవారం మామూలుగా బడికి వెళ్ళింది.

టీచరు ఆ మెసేజ్ వచ్చిన నంబరు మీద పోలీసులకి ఫిర్యాదు రాయించింది. నాతో ఫోటోలు దిగిన వాళ్ళందరినీ నిలబెట్టి, వాటిని తీసేయమంది. కొందరు తీసేశారు. కొందరు తీస్తాంలెండి అన్నారు. వీర్రాజు మాత్రం, "అందులో నేను బాగా పడ్డానండీ" అని నసిగాడు. అప్పటికే అవి ఏ ఊళ్ళకి పోయాయో, ఎన్ని గ్రూపుల్లో తిరుగుతున్నాయో ఎవరికి తెలుసు? బట్టని కాబట్టి నన్ను కోయగలిగారు. ఫోన్లలో తిరుగుతున్న నన్ను ఏ కత్తి కోస్తుంది?

ఇప్పుడు తాతారావు పెరట్లో బొండాల గుట్ట మీద కప్పుగా పడి ఉన్నాను. కన్నంలోంచి వాన కారుతోందని ఆయన భార్య విసుక్కుంటుంది. నిన్న సాయంత్రం ఫోను మోగింది, ఎవరిదో తెలియని నంబరు. అరుగు మీద చదువుకుంటున్న లాస్య ఉలిక్కిపడి తలెత్తింది. తాతారావు చేతిలో పని వదిలేసి గబగబా వచ్చి ఫోను తీసుకున్నాడు.

"నువ్వు సదువుకో అమ్మా," అన్నాడు, "నే మాటాడతాను."